జీతం 20వ తారీఖుకే అయిపోతోందంటే ముందు ఏడాది లెక్క రాయండి

అమ్మా, మీరు రాసింది క్లుప్తంగా ఇదీ. మూసాపేటలో అద్దె ఇల్లు, ఇద్దరూ ఉద్యోగస్తులు, యూకేజీ చదివే పాప. మీవారికి ఒకటో తారీఖున చేతికి 26,800 వస్తుంది. మీకు బట్టల షోరూంలో ఏడో తారీఖున 13,200. కలిపితే 40,000. అయినా 20 వచ్చేసరికి ఖాతా ఖాళీ, మిగతా పది రోజులు చేబదుళ్లు, క్రెడిట్ కార్డు. సంక్రాంతికి ఊరెళ్లి వచ్చాక కార్డు బాకీ 48,000 అయింది. ఖర్చుల డైరీ మొదలుపెట్టి మానేశారు, రాసినప్పుడల్లా ఇద్దరికీ గొడవే అని. నెలకు ఐదు వేల దాకా ఎక్కడికి పోతున్నాయో అంతుపట్టడం లేదు, దుబారా ఎవరిది అని అడిగారు.

నేను జీడిమెట్ల వైపు ఫ్యాక్టరీల్లో జీతాల సెక్షన్‌లోనే ఉద్యోగం మొత్తం చేసి రిటైరయ్యాను. మీ దగ్గర ఉన్నది ఇంటి డైరీ. నా దగ్గర ఉన్నది జీతం అడ్వాన్సుల రిజిస్టరు. ఆ రిజిస్టరు ఏ సంవత్సరం తిరగేసినా ఒకటే కనిపించేది. అడ్వాన్సు అర్జీలు జూన్‌లో గుట్టగా వచ్చేవి, దసరా ముందు మళ్లీ ఒకసారి, సంక్రాంతి వెళ్లిన వారంలో ఇంకోసారి. కారణం అనే గడిలో మాత్రం అందరూ రాసేది 'అనుకోని ఖర్చు' అనే. బడులు తెరుస్తారని, దసరా వస్తుందని తెలియని వాళ్లెవరు? నెల లెక్కలో ఆ ఖర్చుకు గడి లేదు, అంతే. మీ ఐదు వేల సంగతీ అదే అని నా అనుమానం. దుబారా దాకా వెళ్లక్కర్లేదు.

మీరిచ్చిన అంకెలే కూడి చూద్దాం. అద్దె 11,000, బండి ఈఎంఐ 3,400, ఫోను ఈఎంఐ 1,900, కార్డుకు కనీస మొత్తం 2,400, అత్తగారివాళ్లకు పంపేది 4,000, సరుకులు, పాలు, కూరగాయలు కలిపి 9,500, కరెంటు, గ్యాసు, ఫోన్లు, నెట్టు 2,600, పెట్రోలు 2,200, పాప ఆటో 1,200, మీ కాలనీ చిట్టీ 1,000. మొత్తం 39,200. ఈ లెక్కన 800 మిగలాలి.

ఇప్పుడు మీరు రాయనివి. స్కూలు ఫీజు 30,000 అని వేరేచోట చెప్పారు, దానికి పుస్తకాలు, యూనిఫాం, బూట్లు ఓ 6,000. బండి ఇన్సూరెన్సు, సర్వీసింగులు 4,000. ఉగాదికి, దసరాకి, సంక్రాంతికి బట్టలు, పిండివంటలు 10,000. ఊరికి నాలుగుసార్లు రానూపోనూ 6,000. పెళ్లిళ్లు, గృహప్రవేశాలు, చదివింపులు 6,000. డాక్టర్లు, మందులు 8,000. ఫీజు తప్ప మిగతావి మీలాంటి ఇళ్లు చూసిన అలవాటుతో నేను వేసిన అంకెలు, మీరు సరిదిద్దుకోండి. మొత్తం 70,000. పన్నెండుతో భాగిస్తే నెలకు 5,833. మీకు మిగలాల్సిన 800 తీసేస్తే లోటు 5,033. మీరు వెతుకుతున్న ఐదు వేలు ఇవే. మీవారి టీ, సిగరెట్ల మీదా, మీరు ఆన్‌లైన్‌లో కొన్న కుర్తీల మీదా పడి పోట్లాడుకున్నారు గానీ, అవన్నీ కలిపినా ఈ అంకెలో నాలుగో వంతు కూడా రావు.

కాబట్టి డైరీ పక్కన పెట్టేయండి. గోడ క్యాలెండరు దించి, జూన్ నుంచి మళ్లీ మే దాకా ఏ నెలలో ఏ పెద్ద ఖర్చు ఉందో ఆ నెల కాగితం మీదే పెన్సిల్‌తో రాయండి. ఇద్దరూ కలిసి రాయాలి. ఇందులో ఎవరి తప్పూ ఉండదు గనక గొడవకు చోటుండదు. పాప ఫీజు మీద ఎవరు ఎవరిని తప్పుపడతారు?

ఇక ఆ లోటు ఎలా పూడ్చాలి అనేదానికి వస్తాను. కార్డు దగ్గర మొదలుపెడతాను, మిమ్మల్ని ఎక్కువ తినేస్తున్నది అదే. మన ఊళ్లలో వడ్డీ చెప్పేటప్పుడు నూటికి నెలకు ఇన్ని రూపాయలు అంటాం కదా. రెండు రూపాయల వడ్డీ అంటే భరించొచ్చు అనుకుంటాం. మూడు రూపాయలంటే 'అయ్యో, అంత అవసరం ఏమొచ్చింది' అంటాం. కార్డు వడ్డీని ఆ లెక్కలో చెప్పి చూడండి. చాలా కార్డుల మీద అది నెలకు మూడున్నర శాతం చుట్టూ ఉంటుంది. ఆ వడ్డీ మీద మళ్లీ 18 శాతం జీఎస్టీ. అంటే నాలుగు రూపాయల పైచిలుకు వడ్డీ. 48,000 మీద నెలకు వడ్డీ 1,680, జీఎస్టీ 302, కలిపి 1,982. మీరు కడుతున్న 2,400లో అసలుకు జమ అయ్యేది 418 రూపాయలు. పైగా పాత బాకీ ఉన్నంతకాలం కొత్తగా గీకిన దానికి 45 రోజులు, 50 రోజులు అనే గడువు వర్తించదు, కొన్న రోజు నుంచే వడ్డీ. నెలాఖరున పాలు, కూరగాయలు కార్డు మీద తెస్తున్నామన్నారు. ఆ కూరగాయలు కూడా నాలుగు రూపాయల వడ్డీకి తెచ్చినవే.

మీ దగ్గర రెండు తులాల గొలుసు ఉంది, తాకట్టు పెట్టొద్దని అమ్మ గట్టిగా చెప్పింది అన్నారు. అమ్మ మాట మీద నాకు గౌరవమే. ఆవిడ చూసిన తాకట్టు షావుకారు కొట్లో, విడిపించలేక పోగొట్టుకున్న తాకట్టు. ఇక్కడ సంగతి వేరు, ఉన్న అప్పునే తక్కువ వడ్డీకి మారుస్తున్నాం. బ్యాంకులో బంగారం లోను ఏడాదికి 10 శాతం అనుకుంటే 48,000 మీద నెల వడ్డీ 400. అంటే రూపాయి కంటే తక్కువ వడ్డీ. ఇప్పుడు కడుతున్న 2,400 అలాగే కట్టుకుంటూ పోతే కార్డు తీరడానికి మూడున్నరేళ్ల పైనే పడుతుంది, అదీ మళ్లీ కార్డు ముట్టకపోతే. బంగారం లోను 22 నెలల్లో తీరుతుంది. బ్యాంకులో ముందే రెండు అడగండి: మధ్యలో అసలు కొంచెం కొంచెం కట్టనిస్తారా, ఏడాదికి రెన్యువల్ చేసేటప్పుడు ఎంత కట్టాలి. లోను డబ్బు చేతికి రాగానే అదే రోజు కార్డు బాకీ పూర్తిగా కట్టేసి, కార్డును ఫోన్లోని యాప్‌లన్నిట్లోంచీ తీసేయండి. కార్డు ఖాళీ అయిందని మళ్లీ గీకితే రెండు అప్పులవుతాయి. అలా అయినవాళ్లనే నేను ఎక్కువ చూశాను. ఆ నమ్మకం మీ ఇద్దరికీ లేకపోతే గొలుసు బీరువాలోనే ఉండనివ్వండి.

బంగారం లోనుకు 2,400 మొత్తం కట్టేయమని చాలామంది చెబుతారు. నేను 1,500 చాలంటాను. నాలుగు రూపాయల వడ్డీ పోయాక అప్పు తొందరగా తీరడం కంటే జూన్‌లో కొత్త అప్పు పుట్టకపోవడం ముఖ్యం. మిగిలిన 900 ఏడాది ఖర్చుల ఖాతాలోకి.

ఆ ఖాతా సంగతి. వేరే బ్యాంకులోనో పోస్టాఫీసులోనో ఒక సేవింగ్స్ ఖాతా, దానికి యూపీఐ పెట్టుకోవద్దు, ఏటీఎం కార్డు కూడా తీసుకోవద్దు. క్యాలెండరు మీద రాసిన ఖర్చులకు తప్ప దాన్ని కదపొద్దు. పోస్టాఫీసు ఆర్డీ మంచిదే గానీ అది ఐదేళ్లది, జూన్ ఫీజుకు పనికిరాదు.

తర్వాతది మీరు ఊహించనిది. మీ పే స్లిప్‌లో ఈఎస్ఐ 110 రూపాయలు కోత ఉందని, దేనికో తెలియదని రాశారు. ఉద్యోగులకు, వాళ్ల కుటుంబానికి వైద్యం అందించే ప్రభుత్వ బీమా అది, కోత మీ 14,600 స్థూల జీతం మీద 0.75 శాతం. మీ యజమాని ఇంకో 3.25 శాతం కలుపుతున్నాడు. జీతం 21,000 లోపు ఉన్నవాళ్లకు ఇది వర్తిస్తుంది. మీవారికి అంతకంటే ఎక్కువ గనక ఆయన స్లిప్‌లో ఉండదు. కానీ మీ పేరు మీద ఉన్న ఈఎస్ఐలో మీరే కాదు, మీవారూ పాపా కూడా వస్తారు. భార్య ఉద్యోగం మీద భర్తకు వైద్యం దొరుకుతుందని షోరూముల్లో పనిచేసే ఆడవాళ్లలో సగం మందికి ఎవరూ చెప్పరు. మీ ఆఫీసులో బీమా నంబరు అడిగి, ఆన్‌లైన్‌లో ఈ-పెహచాన్ అనే ఈఎస్ఐ గుర్తింపు కార్డు తీసుకోండి. అందులో ముగ్గురి పేర్లూ ఆధార్‌తో సహా ఉన్నాయో లేదో చూడండి, లేకపోతే వెంటనే చేర్పించండి. ముందు మీకు కేటాయించిన డిస్పెన్సరీకి వెళ్లాలి, అవసరమైతే అక్కడినుంచి పెద్దాసుపత్రికి రాస్తారు. మీకు సనత్‌నగర్ ఈఎస్ఐ ఆసుపత్రి దగ్గరే. రద్దీ ఉంటుంది, ఒక పూట పోతుంది, నిజమే. పాపకు జలుబు చేస్తే వీధి చివరి డాక్టరు దగ్గరికే వెళ్లండి. బీపీ, షుగరు మందులు, స్కానింగులు, ఆపరేషన్ల లాంటి వాటికి మాత్రం ఈ కార్డే వాడండి. మీరు జబ్బుపడి సెలవు పెడితే జీతంలో 70 శాతం, ఏడాదిలో 91 రోజుల వరకు వాళ్లే ఇస్తారు. షరతులున్నాయి గానీ మీలా ఏళ్ల తరబడి ఒకేచోట పనిచేసేవాళ్లకు సాధారణంగా అవి కుదురుతాయి. డాక్టరు ఖర్చు 8,000 నుంచి మూడు వేలకు దిగినా నెలకు 400 మిగిలినట్టే.

పీఎఫ్ దగ్గర డబ్బు తీయమని చెప్పను. ఒక్క పని మాత్రం ఈ వారమే చేయండి: ఇద్దరూ పీఎఫ్ సైటులో ఈ-నామినేషన్ పూర్తిచేయండి. పీఎఫ్‌తోపాటే ఈడీఎల్ఐ అని ఒక బీమా నడుస్తుంది, ఉద్యోగంలో ఉండగా జరగరానిది జరిగితే కుటుంబానికి గరిష్ఠంగా 7 లక్షల వరకు వస్తుంది. దానికి మీ జీతంలో పైసా కోత ఉండదు. నామినేషన్ లేక ఆ డబ్బు కోసం తిరిగిన కుటుంబాలకు కాగితాలు రాసిపెట్టిన దాన్ని నేను. బ్యాంకులో ఏడాదికి 436 రూపాయల జీవన్ జ్యోతి జీవిత బీమా, 20 రూపాయల సురక్షా ప్రమాద బీమా కూడా పెట్టుకోండి. రెండింటికీ మే నెలాఖరున డబ్బు కట్ అవుతుంది, అప్పుడు ఖాతాలో ఉండేలా చూసుకోండి.

కరెంటు మీద పెద్దగా చెప్పేది లేదు, ఒక్కటి తప్ప. తెలంగాణలో ఇప్పుడున్న శ్లాబుల్లో నెలకు 200 యూనిట్ల దగ్గర ఒక గట్టు ఉంది. 200 యూనిట్లకు ఎనర్జీ చార్జీ 820. అది దాటితే మొదటి యూనిట్ నుంచీ రేటు మారిపోతుంది, 210 యూనిట్లకు 1,097. పది యూనిట్లకు 277 రూపాయలు తేడా. ఏప్రిల్, మే నెలల్లో కూలరు వేస్తారు కాబట్టి నెల మధ్యలో ఒకసారి మీటరు చూసుకోండి. మీ ఓనరు సబ్ మీటరు పెట్టి యూనిట్‌కు ఇంత అని ఒకటే రేటు వసూలు చేస్తుంటే మాత్రం ఈ లెక్క మీకు పట్టదు.

తారీఖుల తేడా వల్ల కూడా మీకు డబ్బు పోతోంది. బండి ఈఎంఐ ఐదో తారీఖు, మీ జీతం ఏడు. రెండుసార్లు ఈఎంఐ బౌన్స్ అయిందన్నారు. ఒక్కో బౌన్సుకు బ్యాంకు ఒకవైపు, ఫైనాన్సు కంపెనీ ఇంకోవైపు చార్జీ వేస్తాయి. ఫైనాన్సు కంపెనీకి ఈఎంఐ తేదీ మార్చమని రాసివ్వండి. వాళ్లు ఒప్పుకోకపోతే మీవారి జీతం పడిన ఒకటో తారీఖునే అద్దె, బండి డబ్బు పక్కకు తీయండి. సరుకులూ పాలూ మీ జీతంలోంచి పెట్టుకోండి. ఇంతే, ఎవరి జీతం గొప్పా అనే మాట ఇందులో రాకూడదు.

ఇంటి ఖర్చుకు మీరు అనుకున్న 9,500లో బియ్యం బస్తా, నూనె, పప్పులు ఓ 4,500 పోనివ్వండి. మిగిలిన 5,000ని వారానికి 1,250 చొప్పున చేయండి. సోమవారం పొద్దున ఆ డబ్బు ఇంట్లో నగదుగా ఉండాలి, లేదా ఖర్చులకే పెట్టుకున్న చిన్న ఖాతాలో ఉండాలి. మీ ఫోన్లలో యూపీఐ ఆ ఖాతాకే ఉండాలి, జీతం ఖాతాకు కాదు. ఆదివారానికి 80 రూపాయలే మిగిలితే ఆ పూట పప్పుచారు. నెలకు ఒకేసారి లెక్క చూసుకుంటే 20వ తారీఖున గానీ తెలియదు, వారానికైతే శుక్రవారమే తెలుస్తుంది.

కిరాణా కొట్లో ఖాతా పెట్టుకోవచ్చా అన్నారు. నా ఉద్దేశంలో కార్డు కంటే అదే నయం. వడ్డీ లేదు, హద్దు దాటితే కొట్టాయనే అడుగుతాడు. కాకపోతే అరువు మీద కొనేవాళ్లం ధర అడగలేం.

అత్తగారివాళ్లకు పంపే 4,000 తగ్గించమని మీవారితో చెప్పనా అని రాశారు. వద్దు. ఊళ్లో ముసలివాళ్లకు మందులకీ పాలకీ అదే ఆధారమని మీరే అన్నారు. దాన్ని అద్దె లాంటి ఖర్చనే అనుకుని పై వరసలో రాసేయండి, చర్చలోంచి తీసేయండి. దానితోపాటే మీ అమ్మగారికి మీరు ఏటా ఏదో ఇవ్వాలనుకుంటే అది కూడా క్యాలెండరు మీద ఎక్కాలి, చాటుగా కాదు.

చాటు అంటే మీ చిట్టీ కూడా. 20 నెలల చిట్టీ, 11 కట్టారు, మీవారికి తెలియదు. కాలనీలో నమ్మకం మీద నడిచే చిట్టీ 1982 నాటి చిట్ ఫండ్స్ చట్టం కింద రిజిస్టరయి ఉండదు. నడిపే ఆవిడ ఎంత మంచిదైనా రేపు ఆవిడకు కష్టమొస్తే మీ చేతిలో కాగితం లేదు. అయినా ఇప్పుడు మధ్యలో మానొద్దు, కట్టింది ఇరుక్కుంటుంది. మే నెల పాటలో కొంచెం తగ్గించుకునైనా ఎత్తుకోండి, పద్దెనిమిది వేలకు అటూఇటూగా చేతికొస్తుంది. జూన్‌లో మొదటి టర్ము ఫీజు, పుస్తకాలు దాంతో వెళ్లిపోతాయి. ఆ తర్వాత మళ్లీ అలాంటి చిట్టీలో చేరకండి.

మీవారికి చెప్పడం ఎలా అంటారేమో. రాత్రి పది గంటలకు, ఆయన డ్యూటీ నుంచి వచ్చాక చెప్పకండి. ఆదివారం టిఫిన్లయ్యాక, క్యాలెండరు రాసే పనిలోనే 'జూన్ ఫీజు సంగతి నేను చూస్తాను, నా దగ్గర చిట్టీ ఉంది' అని మొదలుపెట్టండి. దాచిన డబ్బు గురించి కోపమొస్తే ఒకరోజు ఉంటుంది. ఆయన కూడా స్నేహితుల దగ్గర ఏదో తెచ్చారని మీకు అనుమానం అన్నారు. మీ చిట్టీ బయటపడితే ఆ అప్పు కూడా బయటికొచ్చే అవకాశం ఎక్కువ. వచ్చినప్పుడు 'ఎందుకు తెచ్చావ్' అని కాకుండా 'ఎంత, ఎప్పటికివ్వాలి' అని మాత్రమే అడగండి. లెక్కకు కావలసినవి ఆ రెండే. చెరో 500 లెక్క చెప్పక్కర్లేని డబ్బు పెట్టుకోమని కూడా అంటాను, లోటు పూడాకే లెండి.

లోను యాప్‌ల జోలికి వెళ్లకండి. ఆయన తెచ్చింది అలాంటి అప్పే అయితే రెండు చూడండి: వడ్డీ, చార్జీలన్నీ కలిపి చూపించే కాగితం ఇచ్చారా, డబ్బు నేరుగా మీ ఖాతాలో పడిందా. ఫోన్లోని కాంటాక్టులు తీసుకుని చుట్టాలకు ఫోన్లు చేస్తామని బెదిరిస్తే సైబర్ నేరాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయండి, భయపడి ఇంకో యాప్‌లో తెచ్చి కట్టొద్దు.

ఇప్పుడు మొత్తం ఎక్కడికొచ్చిందో చూద్దాం. లోటు 5,033. కార్డు మార్పిడితో 900. ఈఎస్ఐతో 400. పండగ బట్టల్లో ఏడాదికి మూడు వేలు తగ్గిస్తే నెలకు 250. ఫోను ఈఎంఐ ఇంకా నాలుగు నెలలే అన్నారు, తర్వాత 1,900. అక్టోబరులో చిట్టీ కట్టడం అయిపోతే 1,000. మొత్తం 4,450. అప్పటికీ ఇంకో 600 లోపు లోటు ఉంటుంది. దాన్ని కూరగాయల్లో, పెట్రోల్లో వెతకొద్దు. మీకు షోరూంలో మూడేళ్లుగా జీతం పెరగలేదని రాశారు, దసరా సీజను ముందు, మీ అవసరం వాళ్లకు ఉన్నప్పుడే అడగండి. ఫోను ఈఎంఐ తీరిన నెల నుంచే ఆ 1,900 ఏడాది ఖాతాలోకి వెళ్లేలా బ్యాంకులో స్టాండింగ్ ఇన్‌స్ట్రక్షన్ ఇవ్వండి. ఆ నెలలోనే కొత్త ఫోను ఆఫరు మెసేజి వస్తుంది, చూస్తూ ఉండండి.

జూన్ దాకా ఈ నాలుగు నెలలు కష్టంగానే ఉంటాయి, అబద్ధం చెప్పను. సంక్రాంతి చేబదుళ్లు ఎవరికెంతో మీరు రాయలేదు. ఆ పట్టీ, కార్డు స్టేట్‌మెంట్ కింద చిన్న అక్షరాల్లో ఉండే నెల వడ్డీ రేటు, మీ గొలుసు కచ్చితమైన బరువు, ఈ మూడూ రాసి పెట్టండి. ఎవరికి ముందు ఇవ్వాలో, బ్యాంకులో ఎంత అడగాలో అప్పుడు చెబుతాను.